గోడలు లేచిన నగరాన్ని పట్టడం ఎలా? సివిలైజేషన్ 6లో స్పార్టా ముందు ఇరవై వంతులు పోయాయి

కోటబురుజు

అందరికీ నమస్కారం. వంతులవారీగా రాజ్యం కట్టే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6 ఆడుతున్నాను, దాని అదనపు ప్యాక్ గ్యాదరింగ్ స్టార్మ్‌తో కలిపి. కష్టంలో ఎంపరర్ స్థాయి, మామూలు వేగం. నాది ట్రాజన్ రోమ్, పక్కింటి పొరుగు కంప్యూటర్ ఆడే గ్రీకు రాణి గోర్గో. ఆమె రాజధాని స్పార్టా నా సరిహద్దుకు ఆరు గడుల దూరంలోనే ఉంది.

52వ వంతులో నాలుగు ఆర్చర్ దళాలు, మూడు వారియర్ దళాలతో యుద్ధం ప్రకటించాను. నేను నగరం దగ్గరికి చేరేసరికి గోడ లేచి ఉంది. అయినా వెనక్కి తిరగలేదు. ఆర్చర్లు కొడుతూ ఉన్నారు, గోడ కొంచెం కొంచెం తగ్గుతూ ఉంది. ఈలోగా నగరం నుంచి వచ్చే బాణం ప్రతి వంతూ నా దళాల్లో ఒకదాన్ని సగానికి తెస్తోంది. గాయపడ్డ వాళ్లను వెనక్కి తీసుకెళ్లి, కోలుకున్నాక మళ్లీ తెచ్చాను. అలా మూడుసార్లు. మూడోసారి తిరిగి వచ్చేసరికి గోడ మళ్లీ కొత్తదానిలా నిలబడి ఉంది.

72వ వంతుకు మూడు ఆర్చర్ దళాలు, రెండు వారియర్ దళాలు పోయాయి. సంధి చేసుకున్నాను. ఈ ఆట నాకు చాలా ఇష్టం, మొదటి నుంచీ ప్రేమగా కట్టుకున్న రాజ్యం ఇది. వదిలేయాలని లేదు. నేను ఎక్కడ తప్పు చేశానో తెలిసినవాళ్లు చెప్పండి.

మూడోగడి

కోటబురుజు గారూ, మీ కథలో తప్పు యుద్ధంలో లేదు, ఆ మూడు విరామాల్లో ఉంది. ముందు లెక్క చూడండి.

నగర కేంద్రానికి 200 ప్రాణ పాయింట్లు. ముట్టడి పూర్తిగా బిగియకపోతే అది వంతుకు 20 చొప్పున తిరిగి కోలుకుంటుంది. మీరు నిలిచిన ఇరవై వంతుల్లో అది 400 వరకూ కోలుకోగలదు. అంటే మీరు ఒక స్పార్టాతో కాదు, మూడు స్పార్టాలతో పోరాడినట్టు.

గోడ వేరే సంగతి. ప్రాచీన గోడకు విడిగా 100 పాయింట్లు. అది తనంతట తాను కోలుకోదు. అయితే మూడు వంతుల పాటు దాని మీద దెబ్బ పడకపోతే నగరం మరమ్మతు పని మొదలుపెట్టవచ్చు. మీరు వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ఆ అవకాశం మీరే ఇచ్చారు.

ఆర్చర్ల సంగతి కూడా చెప్పాలి. బాణం గోడకు సగం దెబ్బే వేస్తుంది. కాల్బలం కత్తి దెబ్బ అయితే అందులో 15 శాతమే గోడకు తగులుతుంది. గోడకు పూర్తి దెబ్బ వేసేవి రాళ్లు విసిరే క్యాటపుల్ట్ లాంటి ముట్టడి యంత్రాలే. లేదంటే కాల్బలం వెంట బ్యాటరింగ్ ర్యామ్ ఉండాలి.

గుర్రపుదండు

నా పద్ధతి వేరు. గోడ లేచాక ముట్టడి వేయడం కంటే గోడ లేవకముందే దూకడం నయం. ఈ ఆటలో గోడ లేని నగరం బాణం వేయలేదు, అది మరిచిపోవద్దు. హెవీ చారియట్ రథాలు రెండు, వారియర్లు మూడు ఉంటే 35వ వంతుకల్లా పొరుగు రాజధాని చేతిలో ఉంటుంది. కోటబురుజు గారు 52 దాకా ఆగడమే అసలు నష్టం.

డైటీయాత్ర

గుర్రపుదండు గారి మాట కింది స్థాయిల్లో నిజం. అన్నిటికంటే కష్టమైన డైటీ స్థాయిలో ప్రత్యర్థి నగరాలు స్థాపించే సెట్లర్లు మూడింటితో ఆట మొదలుపెడతాడు, ప్రతి దళానికీ పోరాట బలం 4 అదనంగా ఉంటుంది. 35వ వంతుకు మీరు వెళ్లేసరికి అక్కడ మీకంటే పెద్ద సేన కూర్చుని ఉంటుంది. పైగా ఇక్కడ పొరుగు గోర్గో. గ్రీకుల ఈటె దళం హోప్లైట్ అశ్వదళాల మీద ప్రత్యేకంగా బలమైనది, పక్కన మరో హోప్లైట్ ఉంటే ఇంకా బలం. రథాలు తీసుకెళ్లి ఈటెల మీదికి తోలడం అవుతుంది.

గుర్రపుదండు

హోప్లైట్ల విషయం ఒప్పుకుంటున్నాను, గోర్గో అన్న మాట నేను గమనించలేదు. అయినా వేళ గురించి నేను చెప్పినది చెప్పినట్టే ఉంచుతాను. రాతికట్టడపు విద్య మేసన్రీ నేర్చిన వెంటనే ప్రత్యర్థి గోడ మొదలుపెడతాడు. ఆ లోపల వెళ్లగలిగితే వెళ్లాలి, లేకపోతే తరవాతి ఆయుధం దాకా ఆగాలి. మధ్యలో వెళ్లడమే చేటు.

మూడోగడి

ఆ చివరి మాట నాకు నచ్చింది. ఇంకో సంగతి: గోడకూ బ్యాటరింగ్ ర్యామ్‌కూ ఒకే విద్య, మేసన్రీ. అంటే ఎదుటివాడు గోడ కట్టగలిగిన రోజున మీరూ దాన్ని పగలగొట్టే దూలం కట్టగలరు. చాలామంది ర్యామ్‌ను పట్టించుకోరు, అది సొంతంగా పోరాడదు కాబట్టి. కానీ అది కాల్బలంతో పాటు అదే గడిలో నిలబడుతుంది, వేరే చోటు అక్కర్లేదు. నగరం పక్కన ఒక్క ర్యామ్ ఉంటే చాలు, చుట్టూ ఎన్ని కత్తి దళాలు కొట్టినా, ఈటె దళాలు కొట్టినా గోడకు పూర్తి దెబ్బ పడుతుంది. అశ్వదళాలకు మాత్రం ఇది వర్తించదు.

ర్యామ్ ప్రాచీన గోడల మీదే పనిచేస్తుంది. మధ్యయుగపు గోడ లేచిందంటే దాన్ని పక్కన పెట్టి సీజ్ టవర్ తేవాలి. రినైసెన్స్ గోడ ముందు అదీ పనిచేయదు. కనుక ర్యామ్ కట్టి దాచుకుని ప్రయోజనం లేదు. కట్టిన వెంటనే వాడాలి.

పాతసేనాని

ఇరవై ఏళ్లుగా ఈ ఆటలు ఆడుతున్నవాణ్ని. నాకు 2005 నాటి సివిలైజేషన్ 4 ముట్టడే ఇష్టం. అందులో ఒకే గడిలో ఎన్ని దళాలైనా పేర్చవచ్చు. క్యాటపుల్ట్‌లు కొన్ని వంతులు నగర రక్షణ శాతాన్ని తగ్గిస్తాయి, తరవాత వాటిలో రెండు మూడు ముందు దూకి చనిపోతాయి, ఆ దెబ్బ లోపల ఉన్న దళాలన్నింటికీ కొంచెం కొంచెం పంచుతాయి. ఆ మీదట మిగతా సేన వెళ్తుంది. యంత్రాలు పోతాయని తెలిసే పంపేవాళ్లం. ఎన్ని పోగొట్టుకోవాలో ముందే లెక్క కట్టుకోవడం ఆ ఆటలో సేనానికి పరీక్ష.

2010లో అయిదో ఆట వచ్చి గడికి ఒక్క దళమే అన్నారు. అప్పటి నుంచి కొండల మధ్య నగరం అంటే రైల్వే గేటు దగ్గర ఆగిన లారీల వరసే. ముందున్నది కదిలితే తప్ప వెనకది కదలదు. నగరమేమో గోడ ఉన్నా లేకపోయినా రెండు గడుల దూరం బాణం వేస్తుంది. క్యాటపుల్ట్ అక్కడికి చేరి, ఒక అడుగు ఖర్చుపెట్టి తనను సిద్ధం చేసుకుని, తరవాతి వంతులో గానీ కొట్టలేదు. ఆ లోపల సగం చచ్చి ఉంటుంది. ఈ కష్టం ఆటను తీసుకున్న దారి వల్ల వచ్చిందే తప్ప, ఆడేవాడి తెలివి తక్కువై కాదు.

ఫిరంగి3

పాతసేనాని గారూ, అయిదో ఆటలో ఆ బాధ డైనమైట్ విద్యతో తీరుతుంది కదా. ఆర్టిలరీ మూడు గడుల దూరం కొడుతుంది, అడ్డంగా కొండ ఉన్నా కొడుతుంది. నగరం రెండు గడులు దాటి కొట్టలేదు. ఆ ఒక్క గడి తేడాతో యుద్ధం స్వరూపమే మారిపోతుంది. నేను ఆ ఆటలో ఆర్టిలరీ వచ్చేదాకా పెద్ద నగరాల జోలికి వెళ్లను. దానికి ముందు ఇల్లు చక్కబెట్టుకుంటాను.

పాతసేనాని

తీరుతుంది, నిజమే. కానీ ఆట సగం అయిపోయాక తీరే బాధ అది. మొదటి సగంలో కూడా యుద్ధం చేయాలనుకునే ఆటగాడికి దారి ఉండాలని నా కోరిక.

కృష్ణాతీరం

ఆట నియమాలు మీరంతా నాకంటే బాగా చెబుతున్నారు. నాకు ఎప్పుడూ మనసులో మెదిలే లోటు ఒకటి ఉంది, చెబుతాను.

గోల్కొండ ముట్టడి 1687లో దాదాపు ఎనిమిది నెలలు సాగింది. ఆనాటి మొగలుల దగ్గర ఫిరంగులు లేవా? ఉన్నాయి. గోడల కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టారు. అది పేలి తమ సైనికుల మీదే రాళ్లు పడి వాళ్లే చచ్చారు. వానలు వచ్చాయి, శిబిరంలో కరవు వచ్చింది, రోగాలు వచ్చాయి. అంటే లోపలివాళ్లకంటే బయటివాళ్లే ఎక్కువ అలిసిపోయారు. చివరికి కోట పడింది ఫిరంగితో కాదు. లోపలి మనిషి ఒకడు రాత్రివేళ దిడ్డి తలుపు తీశాడు. అప్పుడు కూడా గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పోరాడాడు.

ఓరుగల్లు కూడా అంతే. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చినప్పుడు ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి ముట్టడి వేసిన సేనే చెదిరిపోయింది. బయట మట్టికోట, లోపల రాతికోట, మధ్యలో కందకాలు, ఇవన్నీ చేయలేని పని ఒక పుకారు చేసింది. అతను 1323లో మళ్లీ వచ్చి గానీ పట్టలేకపోయాడు.

ఈ ఆటల్లో ముట్టడి వేసినవాడికి ఆకలి లేదు. వాన లేదు. పుకారు లేదు. నగరంలో తలుపు తీసేవాడూ లేడు. ఉన్నదల్లా గోడకున్న అంకె. ఆ అంకె తగ్గించడమే ముట్టడి అనుకుంటే, ముట్టడిలోని అసలు భయం మనకు ఎప్పటికీ అందదు.

డైటీయాత్ర

చాలా బాగా చెప్పారు. కానీ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. ముట్టడి వేసినవాడికి ఆకలి ఉంది, ఆట దానికి వేరే పేరు పెట్టింది. ఇరవై వంతులు సేనను స్పార్టా ముందు నిలబెట్టారంటే ఆ ఇరవై వంతుల్లో ఇంట్లో కట్టగలిగిన సెట్లర్లు, కాలువలు, విద్యను పెంచే క్యాంపస్‌లు అన్నీ ఆగిపోయాయి. ఆ లోపల మూడో పొరుగువాడు విద్యలో మిమ్మల్ని దాటిపోయాడు. శిబిరంలో పడే కరవు అదే.

కృష్ణాతీరం

ఆ చూపుతో నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటాను. అయినా దిడ్డి తలుపు మాత్రం కావాలి!

ఏడోరోజు

నేను సివిలైజేషన్ మనిషిని కాదు, హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 మనిషిని. 1999లో వచ్చిన ఆట, మా అన్నదమ్ములం ఒకే కంప్యూటర్ ముందు వంతులు మార్చుకుంటూ ఆడేవాళ్లం, ఇప్పటికీ సంక్రాంతికి కలిస్తే ఆడతాం. ముట్టడికి వేళ ఎంత ముఖ్యమో నాకు నేర్పింది ఆ ఆటే, అందుకని కొంచెం విపులంగా రాస్తున్నాను.

అందులో నగరానికి మూడు మెట్ల రక్షణ. ఫోర్ట్ కడితే గోడ వస్తుంది. సిటడెల్ కడితే కందకమూ, మధ్యలో బాణాలు వేసే బురుజూ వస్తాయి. కాజిల్ కడితే ఇంకో రెండు బురుజులు. కందకంలో అడుగుపెట్టిన దళం అక్కడే ఆగిపోయి దెబ్బ తింటుంది. గోడ నిలిచి ఉన్నంతసేపూ బయటి నుంచి మన విలుకాళ్లు వేసే దెబ్బ సగమవుతుంది. మన దగ్గర క్యాటపుల్ట్ ఉంటుంది గానీ గురి నైపుణ్యం బ్యాలిస్టిక్స్ నేర్వని నాయకుడి చేతిలో అది తనకు తోచిన చోట కొడుతుంది. గుమ్మం కొట్టమంటే గోడ చివర కొడుతుంది.

దీనికి జవాబులు చాలా ఉన్నాయి. ఎగిరే దళాలకు గోడా లేదు, కందకమూ లేదు. టవర్ అనే నగరపు మంత్రగాళ్లు మేజ్‌లకు గోడ అడ్డు కాదు, పూర్తి దెబ్బ వేస్తారు. సైక్లాప్స్‌లు రాళ్లు విసిరి గోడ కూలుస్తాయి. కానీ వీటన్నిటికంటే పెద్ద ఆయుధం క్యాలెండర్.

ఆ ఆటలో వారం మొదటి రోజున ప్రతి నగరంలో కొత్త దళాలు పుడతాయి. కాజిల్ ఉన్న నగరంలో ఆ పుట్టుక రెట్టింపు. కనుక ఆరో రోజునో ఏడో రోజునో వెళ్తే పాత సేనతోనే పోరాడతారు. ఒక్క రోజు ఆలస్యమై మొదటి రోజున చేరారా, గోడ వెనక నిన్న లేని సేన మొత్తం నిలబడి ఉంటుంది. మా చిన్నతమ్ముడు దారిలో ఒక గని పట్టుకుందామని పక్కకు తిరిగి ఒక్క రోజు పోగొట్టుకున్నాడు. ఆ ఒక్క రోజుతో మూడు గంటల ఆట చేజారింది. ఇప్పటికీ ఆ గని పేరెత్తితే వాడి ముఖం మారుతుంది. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను.

మూడోగడి

ఏడోరోజు గారు చెప్పినది సివిలైజేషన్‌కీ అచ్చంగా వర్తిస్తుంది. గోడ ఎంత ఎత్తుందన్నది రెండో ప్రశ్న. ఎదుటివాడికి మనం ఎన్ని వంతులు ఇస్తున్నామన్నది మొదటిది. కోటబురుజు గారూ, 72వ వంతు ఆట దాచుకున్నారా? అక్కడ స్పార్టా చుట్టూ నేల ఎలా ఉందో చెప్పగలరా?

కోటబురుజు

దాచుకున్నాను. స్పార్టాకు సముద్రం లేదు, ఆరు గడులూ నేలే. ఉత్తరాన కొండ గడి ఒకటి, పడమర నది, దక్షిణాన రెండు పొలాలు. తూర్పున రెండు గడుల అవతల వాళ్ల సైనిక స్థావరం, ఎన్‌క్యాంప్‌మెంట్ ఉంది. ఇనుము నా దగ్గర ఉంది. ఒక వారియర్, ఒక ఆర్చర్ మిగిలాయి.

మూడోగడి

ఎన్‌క్యాంప్‌మెంట్ ఉందని ముందే చెప్పాల్సింది! దానికీ గోడ ఉంటుంది, అదీ బాణం వేస్తుంది. మీరు రెండు కోటల నడుమ నిలబడి పోరాడారు.

నేనైతే ఇలా చేస్తాను. ఇనుము ఉంది కాబట్టి రోమన్ కత్తి దళాలైన లెజియన్లు నాలుగు, మిగిలిన వారియర్‌ను కూడా లెజియన్‌గా మార్చుకోవచ్చు. ర్యామ్ ఒకటి. క్యాటపుల్ట్‌లు రెండు చాలు. తూర్పు వైపు అసలు వెళ్లకండి. నది దాటి కొడితే బలం తగ్గుతుంది కాబట్టి పడమర నుంచి కూడా కొట్టవద్దు. దక్షిణపు పొలాల మీద నిలబడి కొట్టండి. గాయపడ్డ దళం ఆ పొలాన్ని దోచుకుంటే 50 పాయింట్లు కోలుకుంటుంది, వెనక్కి వెళ్లే పనే లేదు. మీ మూడు విరామాలకు జవాబు ఆ పొలాలే.

నగరం కోలుకోకుండా ఆపాలంటే చుట్టూ ఉన్న ఆరు గడులూ మీ దళంతో నిండి గానీ, మీ దళం పట్టులో గానీ ఉండాలి. బయలు నేల అయితే ఎదురెదురుగా రెండు కత్తి దళాలు చాలు, ఒక్కొక్కటి తన గడినీ, అటూ ఇటూ ఒక్కో గడినీ పట్టి ఉంచుతుంది. ఆర్చర్‌కూ క్యాటపుల్ట్‌కూ ఆ పట్టు లేదు. నది ఉన్న వైపు నమ్మకం పెట్టుకోకుండా ఇంకో లెజియన్ నిలబెట్టండి. నగరం మీద ముట్టడి గుర్తు పడిందో లేదో చూసుకోండి, పడితేనే వంతుకు 20 ఆగుతుంది.

డైటీయాత్ర

దీనికి ఒక చేర్పు. గ్రేట్ జనరల్ అనే సేనానాయకుడు దొరికితే ఆగి అయినా తీసుకెళ్లండి. హన్నిబాల్ అయినా, బౌడికా అయినా, సన్ ట్జు అయినా ఫరవాలేదు. రెండు గడుల లోపల ఉన్న ఆ కాలపు దళాలకు 5 బలమూ, ఒక అడుగూ అదనం. ఆ ఒక్క అడుగు క్యాటపుల్ట్‌కు ప్రాణం. మామూలుగా అది కదిలిన వంతులో కొట్టలేదు. నాయకుడు పక్కనుంటే కదిలి కొడుతుంది, నగరానికి ముందు వేటు దొరకదు.

గుర్రపుదండు

పట్టేది కాల్బలమో అశ్వదళమో అయి ఉండాలని మరిచిపోకండి. నగరం సున్నాకు వచ్చి, పక్కన ఆర్చర్లు మాత్రమే మిగిలి, లోపలికి వెళ్లేవాళ్లు లేక నగరం తిరిగి కోలుకున్న ఆట నాకు ఒకటి గుర్తుంది. అది జరిగి ఏళ్లయినా నాకు ఇంకా బాధే.

వెన్నెలవేట

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా కంప్యూటర్ పాతది, ఈ పెద్ద ఆటలు నడవవు. నేను బ్యాటిల్ ఫర్ వెస్నాత్ ఆడతాను, ఉచితంగా దొరుకుతుంది. అందులో గోడకు అంకె లేదు. కోట గడిలో నిలబడ్డవాడికి చాలావరకు 60 శాతం రక్షణ, అంతే. కొట్టేవాడు బయట తక్కువ రక్షణ ఉన్న గడిలో నిలబడాలి. దానికి తోడు పగలూ రాత్రీ ఉన్నాయి. ఓర్క్‌లకు రాత్రి 25 శాతం బలం పెరుగుతుంది, మనుషులకు పగలు. పగటివేళ కోట మీదికి ఓర్క్‌లను తోలితే సేన కరిగిపోతుంది. సాయంకాలానికి కోట దగ్గరికి చేరి చీకటి పడగానే కొట్టాలి. అక్కడా మళ్లీ వేళే.

ఫిరంగి3

ఏడో సివిలైజేషన్ ఎవరైనా ఆడారా? 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో కమాండర్ ఒకడు దళాలను తనతో మూటకట్టి తీసుకెళ్తాడు, నగరం ముందు విప్పుతాడు. పాతసేనాని గారి లారీల వరస చాలావరకు తగ్గింది. కానీ నగర కేంద్రం ఒక్కటీ పడితే సరిపోదు, గోడ ఉన్న ప్రతి డిస్ట్రిక్ట్‌నూ పట్టాలి. వీధి వీధినా పోరాటం.

పాతసేనాని

ఆడాను. మోసుకెళ్లడం సులువైంది, పట్టడం కష్టమైంది. నాకు అది సరైన మార్పు అనిపించింది. సేన దారిలో ఇరుక్కోవడం విసుగు. గోడ ముందు ఇరుక్కోవడం యుద్ధం. ఈ రెండింటినీ వేరు చేసినందుకు చేసినవాళ్లకు నా నమస్కారం.

కోటబురుజు

అందరికీ ధన్యవాదాలు. 72వ వంతు నుంచి మళ్లీ ఆడాను, రెండు రాత్రులు పట్టింది.

సంధి గడువు తీరేదాకా లెజియన్లు నాలుగు, ర్యామ్ ఒకటి, క్యాటపుల్ట్‌లు రెండు సిద్ధం చేశాను. హన్నిబాల్ నాకే దొరికాడు. అతని కోసం ఆరు వంతులు ఆగాను, ఆ ఆరు వంతులూ స్పార్టాలో మధ్యయుగపు గోడ లేస్తుందేమోనని గుండె దడదడలాడుతూనే ఉంది. లేవలేదు.

94వ వంతులో మొదలుపెట్టాను. ఒక తప్పు చేశాను: క్యాటపుల్ట్‌లలో ఒకదాన్ని తూర్పుకు కొంచెం జరిపాను, నగరమూ ఎన్‌క్యాంప్‌మెంటూ రెండూ దాన్ని కొట్టి ఒకే వంతులో తీసేశాయి. మూడోగడి గారు చెప్పిన మాట విననందుకు ఫలితం. మిగతాదంతా మీరు చెప్పినట్టే. ర్యామ్ దక్షిణపు పొలంలో లెజియన్‌తో నిలబడింది. గోడ రెండు వంతుల్లో పోయింది. రెండు పొలాలూ దోచుకున్నాను, ఒక్క లెజియన్ కూడా వెనక్కి వెళ్లలేదు. ముట్టడి గుర్తు పడిన వంతులో నగరం అంకె కదలకుండా అక్కడే ఆగిపోవడం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

99వ వంతులో స్పార్టా నాది. అయిదు వంతులు.

ఇప్పుడు ఆ నగరం విధేయత వంతు వంతుకూ తగ్గుతోంది, గోర్గో మిగిలిన నగరాలు దగ్గర్లోనే ఉన్నాయి. గవర్నర్ విక్టర్‌ను అక్కడికి పంపాను. ఒక లెజియన్‌ను లోపలే కాపలా ఉంచాను. తరవాతి గురి కోరింత్, అది సముద్రం ఒడ్డున ఉంది.

మూడోగడి

అభినందనలు! కోరింత్‌కు ఆరు గడుల్లో ఎన్ని నీళ్లు?

కోటబురుజు

మూడు.

మూడోగడి

అయితే నేల మీది లెజియన్ల పట్టు ఆ నీటి గడుల మీద సాగదు. ఓడలు లేకుండా ముట్టడి గుర్తు పడదు, మళ్లీ వంతుకు 20 మొదలవుతుంది. బయలుదేరే ముందే గ్యాలీలు కట్టండి.

కోటబురుజు

నా నగరం ఆస్టియాలో ఇప్పుడే ఒకటి మొదలుపెట్టాను. నాలుగు వంతులు చూపిస్తోంది.